నల్లబడని వియ్యపురాలు

నాసిక్,
12 జనవరి 2005

ఎస్తేరత్తకూ బాలయ్య మామకూ ఉదయ్ కిరణ్ వందనాలు.

నేను బాగున్నాను. ఇక్కడి చలి మాత్రం మనుషులు పడేది కాదు. పొద్దున్నే తోటలోకి వెళితే నా చేతులు నావేనా అని చూసుకోవాల్సి వస్తోంది.

నేను పనిచేసే తోట వైన్ కంపెనీదని ఇక్కడే పనిచేసే మన ఊరి ఎల్లన్న ఈపాటికి నీకు ఊదే ఉంటాడు. నువ్వు ఉపవాస ప్రార్థన మొదలుపెట్టకముందే చెబుతున్నా: నేను తాగడం లేదు, ఆకులు తెంపుతున్నాను.

ఊళ్ళో కొత్త మందిరం కడుతున్నారని రాశావు. దాని ప్రతిష్ఠ రోజు ప్రభువు బల్లలో అందరికీ పంచడానికి బజారు ద్రాక్ష కాకుండా నీ పెరట్లో కాసిన ద్రాక్షతోనే రసం తీస్తానని మొక్కుకున్నావట. తీగ పంపమన్నావు. రెండు మొక్కలు ఎల్లన్నతో పంపుతున్నాను. వేర్లు వంకర పోయాయని పక్కన పెట్టిన మొక్కలవి. అడిగితే మా తోట మేనేజరు పాటిల్ సార్ తీసుకోమన్నాడు.

ఇది తెల్ల వైన్ చేసే ద్రాక్ష. మన దేశంలో దీన్ని పెంచేవాళ్ళు తక్కువ. మా తోటలో కూడా ఒక మూలన నాలుగు వరుసలే ఉన్నాయి. చీటీ మీద ఇంగ్లీషులో రాసిన పేరును నేను 'వియోగ్నియర్' అని చదివాను. పాటిల్ సార్ నవ్వి, 'వియోన్యే' అనాలన్నాడు. మధ్యలో ఉన్న 'గ' ఎటు పోయిందని అడిగితే, అది ఫ్రాన్స్ పేరు, వాళ్ళు రాసినవన్నీ పలకరు అన్నాడు. మన దగ్గర చెప్పినవన్నీ చేయరు, వాళ్ళ దగ్గర రాసినవన్నీ పలకరు.

మొదట్లో దీని మొహం చూడబుద్ధి కాలేదు. గుత్తి చిన్నది, పండు చిన్నది, తోలు మందం, లోపల గింజలు, కాపు తక్కువ. ఎండ ఎక్కువైతే అలుగుతుంది, తక్కువైనా అలుగుతుంది. తొందరపడి కోస్తే చప్పన, ఆలస్యం చేస్తే వాసనంతా పోతుంది. ఇంత సతాయింపు ఎవరు పడతారని ఒకప్పుడు ఫ్రాన్స్‌లోనే దాదాపు వదిలేశారట. నేనైతే వాళ్ళను తప్పు పట్టలేదు.

పోయిన మార్చిలో పాటిల్ సార్ బాగా పండినది ఒకటి తెంపి నా నోట్లో పెట్టాడు. అత్తా, గద్వాలలో మామ దోస్తు ఇంటి పెండ్లికి పోయినప్పుడు ఖుబానీ మీఠా తిన్నాం కదా, ఆ వాసన. దాని వెనక సంపెంగ పూలు. నమలడం మరిచిపోయి నిలబడ్డాను. "ఏమైంది, పన్ను విరిగిందా?" అని అడిగాడు సార్. అప్పటి నుంచి రోజూ పని అయ్యాక ఆ నాలుగు వరుసల వైపు ఒకసారి పోయి వస్తున్నాను.

నీళ్ళు నిలవనివ్వకు. మేకల ఎరువు వేయి. ఇక్కడ ఆఫీసు ఫోన్ మా చేతికి ఇవ్వరు, కాబట్టి ఉత్తరమే రాయి. మీ బిడ్డ మనీషా నర్సు పరీక్ష ఎలా రాసింది? ఊరికే అడుగుతున్నా.

నీ మేనల్లుడు,
ఉదయ్ కిరణ్


ఇటిక్యాల మండలం,
6 ఫిబ్రవరి 2005

దూరదేశంలో చలికి వణుకుతున్న అల్లుడు ఉదయ్ కిరణ్‌కు మేనత్త ఎస్తేరమ్మ ప్రేమతో దీవెనలు.

మొక్కలు చేరాయి. ఎల్లన్న తడి గోనెలో చుట్టి పసిపిల్లల్లాగ ఒళ్ళో పెట్టుకొని తెచ్చాడు. ఒకటి దారిలోనే చచ్చిపోయింది. రెండోది చూడటానికి వంటచెరకులా ఉంది కానీ గోటితో గీకితే లోపల పచ్చగా ఉంది. ప్రార్థన చేసి బావి పక్కన నాటాం.

పక్కింటి జములమ్మ వచ్చి చూసింది.

"ఏందక్కా, గీ కట్టెపుల్లకు గింత మర్యాద చేస్తున్నవ్?"

"ద్రాక్ష తీగ. వియోన్యే అంటరంట."

"ఏంది, వియ్యపురాలా?"

నువ్వు రాసినదంతా నేను చదివి వినిపించాను. ఎండకు అలుగుతుంది, నీడకు అలుగుతుంది, చిన్న తేడా వస్తే మొహం ముడుచుకుంటుంది అని. జములమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకొని, "నేను తప్పు పలకలేదక్కా. గంత దూరంకెల్లి వచ్చి గిన్ని వంకలు పెట్టేది వియ్యపురాలు గాక ఇంకెవరు?" అంది. ఆ రోజు నుంచి మా వాడకట్టంతా దాన్ని వియ్యపురాలనే పిలుస్తోంది. నేనూ అదే అంటున్నాను, నోరు తిరగని పేరుతో ఎన్నాళ్ళు అవస్థ పడను?

వైన్ కంపెనీ సంగతి మన పాస్టరు దేవదానం అయ్యగారిని అడిగాను. ప్రభువే పెండ్లింట నీళ్ళను ద్రాక్షరసం చేశాడు కాబట్టి ఆకులు తెంపడం పాపం కిందికి రాదన్నారు. అక్కడితో ఆగు.

మీ మామ కల్లు మానేసిన తర్వాత దేని మీదా ఇంత ధ్యాస పెట్టడం నేను చూడలేదు. పొద్దున లేస్తూనే కుర్చీ తెచ్చి ఆ పుల్ల పక్కన వేసుకుంటున్నాడు. ఏం చేస్తున్నావంటే "కావలి" అంటాడు. ఆకు కూడా లేని పుల్లకు కావలి ఏమిటో.

మనీషా పాసైంది. వనపర్తి నుంచి సామాను తెచ్చేసుకుంది. గద్వాల దవాఖానలో చేరుతోంది.

ప్రార్థనలో నిన్ను మరవని,
ఎస్తేరమ్మ


ఇటిక్యాల మండలం,
20 మార్చి 2005
(పోస్టు కార్డు)

అల్లుడా, దీవెనలు. కార్డు మీద చోటు లేదు కాబట్టి ముఖ్యమైనవే రాస్తున్నాను. వియ్యపురాలు ఇంట్లో కుదురుకుంది. ప్రయాణపు బడలిక పోయి ఇప్పుడు కళగా ఉంది. పందిరికి గుంజలు తెచ్చాం, పని మొదలైంది. అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి పోయారు. మనీషాకు వియ్యపురాలంటే ఎంత ప్రేమో చెప్పలేను, డ్యూటీ నుంచి వస్తే చెప్పులు విడవకముందే ఆమె దగ్గరికి పోతుంది. ఊరంతా వచ్చి చూసి పోతున్నారు. నీ చలువతో అంతా సవ్యంగా జరుగుతోంది. ఎస్తేరమ్మ.


దిండోరి, నాసిక్ జిల్లా,
9 ఏప్రిల్ 2005

అత్తకూ మామకూ ఉదయ్ కిరణ్ వందనాలు.

నన్నూ పాటిల్ సార్‌నూ ఈ కొత్త తోటకు మార్చారు. పైన అడ్రసు చూసుకో. నీ కార్డు చేతులు మారి మారి నిన్న అందింది. అంతకుముందు రాసిన ఉత్తరం ఏదైనా ఉంటే అది నాకు రాలేదు.

కార్డు చదివాను. సంతోషం. పందిరి దాకా వచ్చాక నాకు తెలిసిందన్నమాట. ఊరంతా వచ్చి చూసి పోయారని రాశావు. నేను ఊరివాణ్ణే కదా అత్తా. పోనీలే. దూరంగా ఉన్నవాణ్ణి ఎవరు అడుగుతారు? నా చలువ అన్నావు. నేనేం చేశానని నా చలువ?

వియ్యపురాలిది ఏ ఊరు? గుణం ఎలాంటిది? మనీషాను బాగా చూసుకుంటుందా? మనీషా మెత్తనిది, ఎదురు మాట్లాడదు. వియ్యపురాలు నోరు గలదైతే కష్టం. ఎన్నాళ్ళు మీ ఇంట్లో ఉంటుందో రాయలేదు. పందిరి పడకముందే వచ్చి కూర్చునే వియ్యపురాలిని నేను ఎక్కడా చూడలేదు.

ఎల్లన్న ఎండాకాలానికి ఇంటికి వస్తున్నాడు. అతనితో ఒక వస్తువు పంపుతున్నాను. కాదనకుండా తీసుకో. నేను రాలేను, ఇక్కడ సెలవు ఇవ్వరు. ఇచ్చినా రాను అనుకో.

మొక్కల సంగతి ఒక్క మాట కూడా రాయలేదు. చచ్చిపోయాయని అనుకుంటున్నాను. చావనీ.

ఉదయ్ కిరణ్


ఇటిక్యాల మండలం,
15 మే 2005

అల్లుడు ఉదయ్ కిరణ్‌కు మేనత్త దీవెనలు.

నీ ఉత్తరం ముందు నేను చదివి, తర్వాత మీ మామ చేత చదివించి, తర్వాత ఇద్దరం చెరొక వైపు పట్టుకొని చదివాం. నీకు అక్కడ ఎండ దెబ్బ గానీ తగిలిందా? మజ్జిగ తాగు.

నిన్ను అడగలేదని అంటావేమిటి? వియ్యపురాలిని పంపిందే నువ్వు కదా. ఏ ఊరని నన్ను అడిగితే నేనేం చెప్పను, ఫ్రాన్స్ అని నువ్వే చెప్పావు. గుణమంటావా, నువ్వు చెప్పినదానికంటే మొండి. ఎన్నాళ్ళుంటుందని అడిగావు. మంచిగా చూసుకుంటే మా తర్వాత కూడా ఉంటుందని మీ మామ అంటున్నాడు. నోరు గలదా అన్నావు, అది మాత్రం నాకు అర్థం కాలేదు.

ఉగాది దాటాక వియ్యపురాలికి ఒళ్ళంతా తెల్లగా బూజు పట్టింది. మీ మామ గంధకం పొడి తెచ్చి చల్లాడు. కాళ్ళ దగ్గర మేకల ఎరువు రెండు తట్టలు పోశాం. గుంజ దాటి పోతోందని మొన్న తల తుంచేశాం. ఇప్పుడు రెండు పక్కలా సాగుతోంది.

నువ్వు పంపిన కుక్కరు అందింది. ద్రాక్షరసం కాచడానికి ఇంత ముందుచూపుతో పంపావని నేను మురిసిపోయాను. మూత కడుగుదామని తిప్పి చూస్తే దాని మీద అక్షరాలు చెక్కించి ఉన్నాయి. నా అద్దాలు కనబడక మనీషాను చదవమన్నాను. ఆమె గట్టిగా చదివింది: "చి.ల.సౌ. మనీషా వివాహ సందర్భంగా, ఉదయ్ కిరణ్." అక్షరాల మీద వేలు పెట్టి ఇంకోసారి చదువుకుంది.

"ఎవలతోనంట నా పెండ్లి?" అని నన్నే అడిగింది.

"నాకేం తెల్వదు బిడ్డా. మీ బావనే అడగాలె."

"అడుగు మరి," అని కుక్కరు తీసుకుపోయి తన పెట్టెలో పెట్టి తాళం వేసింది. జొన్నరొట్టె కూడా తినకుండా డ్యూటీకి పోయింది.

కాబట్టి అడుగుతున్నాను. మనీషా పెండ్లి ఎవరితో? ఎప్పుడు? మేము పిలవవలసిన వాళ్ళం చాలామంది ఉన్నారు. ముందే చెబితే బాగుంటుంది.

అయోమయంలో ఉన్న నీ మేనత్త,
ఎస్తేరమ్మ


దిండోరి,
4 జూన్ 2005

అత్తకు ఉదయ్ కిరణ్ వందనాలు. మామకు కూడా. ఇంకెవరికీ వద్దు.

నీ ఉత్తరంలో వియ్యపురాలి తల తుంచేశామన్న వాక్యం దగ్గర నేను నిలుచున్నవాణ్ణి కూర్చున్నాను. కాళ్ళ దగ్గర ఎరువు పోశామన్న వాక్యం మళ్ళీ చదివాను. ఆ తర్వాత పాత తోట నుంచి నీ ఫిబ్రవరి ఉత్తరం కూడా వచ్చింది. ఒక కట్టకింద పడిపోయిందట. జములమ్మ పెట్టిన పేరు అప్పుడు చదివాను.

అత్తా, నేను గాడిదను. ఈ మాట మామకు చదివి వినిపించు, ఆయన ఎప్పటి నుంచో అంటున్నాడు.

పందిరి అన్నావు. వియ్యపురాలు అన్నావు. అయ్యగారు ప్రార్థన చేశారన్నావు. నేను మనీషా పెండ్లి అనుకోక ఏమనుకుంటాను? ఆ కార్డు వచ్చిన రోజు తోటలో కత్తిరింపులు తప్పు చేశాను. ఒక వరుసకు చిగుళ్ళన్నీ తీసేశానని పాటిల్ సార్ తిట్టాడు. "నీకేమైంది?" అంటే "మా ఊళ్ళో పెండ్లి" అన్నాను. "పెండ్లయితే ఏడుస్తారా?" అన్నాడు. నేను ఏడవలేదు, గంధకం కళ్ళలో పడింది.

కుక్కరు సంగతి మనీషాతో ఏమీ చెప్పకు. ఇంకొకరి కోసం చెక్కించింది పొరపాటున వచ్చిందని చెప్పు. లేదు, అది ఇంకా అధ్వాన్నం. ఏమీ చెప్పకు.

మొక్క బతికినందుకు నాకు ఎంత సంతోషమో రాయలేను. దాన్ని చావనీ అని రాసినందుకు దాని దగ్గర నా తరఫున ఒక చెంబు నీళ్ళు పోయి.

ఉదయ్ కిరణ్


ఇటిక్యాల మండలం,
28 జనవరి 2007

అల్లుడు ఉదయ్ కిరణ్‌కు మేనత్త ఎస్తేరమ్మ దీవెనలు.

సెల్లు కొన్నానని నెంబరు పంపావు. మా ఊళ్ళో సిగ్నల్ కావాలంటే నీళ్ళ ట్యాంకు ఎక్కాలి. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. ఉత్తరమే రాస్తాను.

నువ్వు చెప్పినట్టే దసరా దాటాక మీ మామ తీగ కత్తిరించాడు. ఈసారి వియ్యపురాలు కరుణించింది. పందిరి నిండా గుత్తులు. మందిరం కూడా పూర్తయింది. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు ప్రతిష్ఠ. గద్వాల నుంచి పెద్ద అయ్యగారు వస్తున్నారు. ఎస్తేరమ్మ గారి పెరటి ద్రాక్షతోనే ప్రభువు బల్ల అని దేవదానం అయ్యగారు రెండు వారాలుగా సంఘంలో చాటిస్తున్నారు.

ఇప్పుడు నా పరేషాన్ విను. పండ్లు ఇంకా నల్లబడలేదు.

సంఘమంతా ఆదివారం ఆరాధన అయ్యాక నేరుగా మా పెరట్లోకి వస్తోంది. తలెత్తి చూస్తారు, నా వైపు చూస్తారు, పోతారు. సంఘ పెద్ద మద్దిలేటి గారైతే మూడో వారం కూడా చూసి, "ఎస్తేరమ్మా, గివి ఎప్పుడు నల్లగైతయి?" అని అడిగాడు. వచ్చే వారం అన్నాను. పోయిన వారం కూడా అదే అన్నాను.

ఎవరి సలహా వాళ్ళది. ఎండ చాలడం లేదని ఒకరు ఆకులు పీకమన్నారు. ఎండ ఎక్కువైందని ఒకరు చీర కప్పమన్నారు. జములమ్మ దిష్టి తగిలిందని మిరపకాయలు తెచ్చింది. నేను వద్దన్నాను. నేను ఇంట్లోకి పోయినప్పుడు తిప్పిందో ఏమో, పెరడంతా ఘాటు. మీ మామ బోరింగు దగ్గర ఇనుప మేకులు ఏరి తెచ్చి వేర్లలో పాతాడు. ఇనుము తగిలితే నల్లబడుతుందట. జర త్వరగా చెప్పు, ఏం వేస్తే నల్లగా అవుతాయి?

ఇంకొక సంగతి. నాగర్‌కర్నూలు నుంచి మనీషాకు ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి టీచరు, మంచి కుటుంబం. మనీషా వద్దంది. ఎందుకంటే కారణం చెప్పదు. ఇది వియ్యపురాలి కంటే మొండిగా తయారైంది.

ఆకాశం వైపు చూస్తూ,
ఎస్తేరమ్మ


దిండోరి,
7 ఫిబ్రవరి 2007

అత్తకూ మామకూ ఉదయ్ కిరణ్ వందనాలు.

అత్తా, కూర్చొని చదువు.

అవి నల్లబడవు. ఎప్పటికీ నల్లబడవు. అది తెల్ల ద్రాక్ష. మొదటి ఉత్తరంలోనే తెల్ల వైన్ చేసే ద్రాక్ష అని రాశాను. పండితే పచ్చదనం పోయి పసుపు తిరుగుతుంది, ఎండ పడిన వైపు బంగారు రంగు వస్తుంది. అంతకుమించి ఏ రంగూ రాదు. మామతో ఆ మేకులు తీసేయమను.

ప్రభువు బల్లకు ఎర్ర రసం కావాలన్న సంగతి నాకు తట్టనే లేదు. నాకు దాని వాసన తప్ప ఏమీ గుర్తులేదు. నచ్చినదాన్ని పంపాను, పనికొచ్చేదాన్ని పంపలేదు. నీ మొక్కు పాడు చేశానని నిన్నటి నుంచి అన్నం సహించడం లేదు. నువ్వు కావాలంటే నాసిక్ నుంచి నల్ల ద్రాక్ష పెట్టె ఒకటి రైలుకు వేస్తాను.

అదే వాడాలని నువ్వు అనుకుంటే మాత్రం రెండు మాటలు. గింజ నమిలితే వేరుశనగలాగ కరకరలాడాలి, తోలు రుద్దితే ఖుబానీ వాసన రావాలి, అప్పుడే కోయి. కుక్కర్లో గానీ గిన్నెలో గానీ కాచకు, కాస్తే ఆ వాసన చచ్చిపోతుంది. పచ్చి రసమే వాడు. కాచని రసం నిలవ ఉండదు, అందుకని పిండిన పూటే వాడెయ్యాలి.

మనీషా నాగర్‌కర్నూలు సంబంధం ఎందుకు వద్దంది? (ఇక్కడ రెండు వాక్యాలు రాసి కొట్టేశాను. పట్టించుకోకు.)

తప్పు చేసిన,
ఉదయ్ కిరణ్


ఇటిక్యాల మండలం,
10 ఏప్రిల్ 2007

అల్లుడు ఉదయ్ కిరణ్‌కు మేనత్త ఎస్తేరమ్మ దీవెనలు. ఇది పెద్ద ఉత్తరం. తినేసి చదువు.

నువ్వు తెల్ల వైన్ అని రాసిన మాట నిజమే. పాత ఉత్తరం తీసి చూశాను. తెల్లవాళ్ళు తాగే వైన్ అని మేమందరం అర్థం చేసుకున్నాం. ఫ్రాన్స్ అన్నావు కదా, తెల్లవాళ్ళే అనుకున్నాం.

నీ ఉత్తరం రాగానే దేవదానం అయ్యగారికి చూపించాను. ఆయన ముఖం పాలిపోయింది. సాయంత్రమే పెద్దల కూటం పెట్టారు. మద్దిలేటి గారు గట్టిగా మాట్లాడారు.

"రక్తానికి గురుతుగ పెట్టేది తెల్లగుంటే ఎట్లయ్యా? సంఘం ఒప్పది. గద్వాలకెల్లి పెద్దయ్య వస్తుండు, నవ్వుతరు."

"బీట్‌రూట్ రసం పిండి కలుపుదాం. ఎవలకు తెల్వదు," అని ఒకాయన అన్నాడు.

నేను వెనక వరుసలో కూర్చున్నాను. ఆ మాట విన్నాక నా కాళ్ళు వాటంతట అవే లేచాయి.

"రెండేండ్లు నీళ్ళు పోసిన. దేవుడు ఏ రంగిచ్చిండో గదే పెడత. బీట్‌రూట్ పెట్టేటట్టుంటే బీట్‌రూటే నాటుకుందుము గద. మొక్కింది నేను. రంగేసి ఆయన ముంగట పెట్టమంటే నాతోని కాదు."

 అయ్యగారు కాసేపు గడ్డం గీరుకొని, "రంగు మన కండ్లకు, మనసు ఆయనకు. గట్లనే కానీ అమ్మా," అన్నారు. మద్దిలేటి గారు తువ్వాలు దులిపి భుజాన వేసుకొని లేచిపోయారు. ఇంటికొచ్చి నేను బాగా భయపడ్డాను, అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పండ్లు నువ్వు చెప్పినట్టే బంగారంలా తిరిగాయి. పెరట్లోకి అడుగు పెడితే ఖుబానీ వాసన. ఆ వాసన మాకంటే ముందు చిలుకలకు తెలిసింది. గురువారం పొద్దున చూస్తే పందిరి మీద చిలుకల సంఘం కూడింది. మీ మామ డబ్బా కొట్టుకుంటూ పెరడంతా ఉరికాడు. ఒకవైపు తరిమితే ఇంకోవైపు దిగుతున్నాయి. ఆదివారం దాకా ఆగితే తొడిమలే మిగులుతాయని ఆ రోజే కోసి, శుభ్రంగా కడిగి, పిండి, కొత్త కుండలో పోసి గుడ్డ కట్టాం. కాచవద్దన్నావు కాబట్టి కాచలేదు. పిండిన పూటే వాడాలన్నావు, అది గుర్తుంది. కానీ చిలుకలకు నీ ఉత్తరం సంగతి ఏం తెలుసు?

శనివారం కుండలోంచి గుడగుడ చప్పుడు వచ్చింది. మీ మామ చెవి పెట్టి విని, "ఇది ఏదో మాట్లాడుతుంది," అన్నాడు. ఏం మాట్లాడుతుందంటే చెప్పలేదు. నేను ప్రతిష్ఠ కోసం ఉపవాసంలో ఉన్నాను కాబట్టి రుచి చూడలేదు.

ఆదివారం మందిరం కిటకిటలాడింది. పెద్ద అయ్యగారు ప్రార్థన చేశారు. చిన్న గిన్నెల్లో రసం పంచారు. అందరూ గిన్నెలోకి చూశారు. తేనె రంగు. ఎవరూ కదలలేదు. చివరికి మద్దిలేటి గారే, కోపంగానే, ముందుగా తీసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు.  తర్వాత ఆయన పక్కాయనతో, "మల్లెలా, సంపెంగలా?" అని మెల్లగా అడగడం నాకు వినిపించింది. దాంతో సంఘమంతా తీసుకుంది. నేనూ తీసుకున్నాను. అల్లుడా, నువ్వు రాసింది నిజం. నేను కూడా నిలబడిపోయాను. నాలుక మీద కొంచెం చురుక్కుమంది, అది పరిశుద్ధాత్మ అనుకున్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది. కుండలో ఇంకా చాలా మిగిలింది. పారబోయడం పాపమని, మా పెరట్లో పెట్టిన విందు దగ్గర మాంసం కూర, అన్నంతో పాటు షర్బత్తులాగ స్టీలు గ్లాసుల్లో పోశాం. ఎండగా ఉంది, జనం మళ్ళీ మళ్ళీ అడిగారు.

ముందు దేవదానం అయ్యగారి ముగింపు ప్రార్థన తేడాగా అనిపించింది. సంఘాన్ని దీవించారు, ఊరిని దీవించారు, మండలాన్ని దీవించారు, గద్వాల బస్సును, దాని డ్రైవరును, వనపర్తి డిపోను కూడా దీవించారు. ఆమెన్ అనే చోటు దొరకక జనం నిలబడే ఉన్నారు. మద్దిలేటి గారు గట్టు తగాదాతో మాటలు మానేసిన తన తమ్ముణ్ణి పట్టుకొని, "గట్టు నువ్వే తీస్కో తమ్మీ," అని ఏడిచారు. "నాకొద్దన్నా, నువ్వే తీస్కో," అని తమ్ముడు ఏడిచాడు. ఆ గట్టు ఇప్పుడు ఎవరిదో ఎవరికీ తెలియదు. పెద్ద అయ్యగారు మా పెరట్లో వియ్యపురాలి కింద కుర్చీలో కాసేపు నడుం వాలుస్తానని కూర్చొని, గద్వాల బస్సు పోయాక లేచారు. లేచి, "ఈ సంఘంలో శాంతి సమాధానం ఉందమ్మా," అన్నారు. మళ్ళీ వచ్చే ఏడాది వస్తానన్నారు. ఎవరూ పిలవకముందే.

అందరూ పోయాక చూస్తే మీ మామ గ్లాసు నిండుగా అరుగు మీద ఉంది.

"నువ్వు తాగలేదా?" అన్నాను.

"ఒక్క బుక్క నోట్లె పోస్కున్న. గప్పుడే ఎరుకైంది. ఉమ్మేసిన."

"ఏం ఎరుకైంది?"

"ఏండ్లకేండ్లు కల్లు తాగినోన్ని, నాకు తెల్వదా? అది పులిసింది ఎస్తేరూ. సగం వైన్ అయింది."

 "మరి చెప్పాలె గద," అన్నాను.

"అన్నదమ్ములు మాట్లాడుకుంటుండ్రు. అయ్యగారు బస్సులను దీవిస్తుండు. గంత సంతోషంల నేనెట్ల చెప్పాలె?" అన్నాడు. తర్వాత మెల్లగా, "జర కష్టమైంది గాని ఉమ్మేసిన," అన్నాడు. ఆయన చేయి పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. ఊరంతా తూలిన రోజున మా ఇంట్లో మానేసినవాడు మానేసినట్టే ఉన్నాడు. ఆ రోజు ప్రతిష్ఠలో నాకు దొరికిన దీవెన అది.

మర్నాడు అయ్యగారి దగ్గరికి పోయి నిజం చెప్పాను. ఆయన తల పట్టుకొని ఉన్నారు, సగం నిజం ఆయన తలే అప్పటికి చెప్పేసింది. వచ్చే ఏడాది నుంచి వాసన పోయినా సరే కాచే పెట్టాలని తీర్మానించారు. రంగు గురించి మాత్రం ఎవరూ ఎత్తలేదు. మద్దిలేటి గారు ఒక కొమ్మ అడిగి తీసుకుపోయారు.

ఇక నువ్వు కొట్టేసిన రెండు వాక్యాల సంగతి. వాటిని వెలుతురుకు పట్టి చదివాను. బాగా కొట్టేయలేదు నువ్వు. ఈ మాట నువ్వు రెండేండ్ల కిందట కుక్కరు మీద చెక్కించకుండా కాగితం మీద రాసి ఉంటే, నాగర్‌కర్నూలు వాళ్ళకు నేను టిఫిన్లు పెట్టే పని తప్పేది. మీ నాన్న నా తమ్ముడే కదా, అతనితో పెండ్లి మాట నేను మాట్లాడతాను. మీ మామ అయితే, "గాడిదనే గాని మంచి గాడిద," అన్నాడు.

మనీషాను అడిగాను. దవాఖాన చీర మడత పెడుతూ, నా వైపు చూడకుండా చెప్పింది:

"ద్రాక్షపండు వాసన గురించి పేజీలకు పేజీలు రాసిండు. నా గురించి ఉత్తరం చివర్ల ఒక్క ప్రశ్న, అది గూడ ఊరికే అడుగుతున్న అని. ముందు నాకు ఒక్క ఉత్తరం రాయమను. సదివినంక చెప్త."

అందుకని, అల్లుడా, ఈసారి జవాబు నాకు రాయకు. కవరు మీద నా పేరు ఉంటే విప్పకుండా తిప్పి పంపుతాను.

నీ మేనత్త,
ఎస్తేరమ్మ